మాంసం హలాల్ సరే, పలక సంగతేమిటి?

ఉర్దూలో 'పాక్-సాఫ్' అనే జంటపదం ఉంది. మన ఇళ్ళలో పెద్దల నోట రోజూ వినిపించే మాట ఇది. రెండు మాటలూ కలిపి పలకడం వల్ల రెండింటికీ ఒకటే అర్థమని చాలామంది అనుకుంటారు. నిజానికి పాక్ అంటే ధర్మశాస్త్రం దృష్టిలో అపవిత్రత అంటనిది. సాఫ్ అంటే మురికి లేనిది, ఆరోగ్యానికి చేటు చేయనిది. ఒక వస్తువు పాక్ అయి ఉండి కూడా సాఫ్ కాకపోవచ్చు. ఈ తేడా మన వంటింట్లో అన్నిటికంటే స్పష్టంగా కనబడే చోటు, మాంసం కోసే చెక్క పలక.

మాంసం విషయంలో ముస్లిం కుటుంబాలు ఎంతో పట్టింపుతో ఉంటాయి. జబహ్ ఎవరు చేశారు, దైవనామం ఉచ్చరించారా లేదా, దుకాణందారు నమ్మకస్తుడేనా అని విచారించి గాని కొనరు. ఇది మెచ్చుకోదగిన విషయమే. అయితే ఇంత విచారించి తెచ్చిన మాంసాన్ని ఇంట్లో దేనిమీద వేస్తున్నాం? చాలా ఇళ్ళలో ఆ పలక కుళాయి పక్కన తడిగా, అంచులు ఉబ్బి, నడుమ నల్లబడిన కత్తిగాట్లతో పడి ఉంటుంది. దానిమీదే కోడిమాంసం ముక్కలు చేస్తారు. ఒకసారి నీళ్ళు చల్లి, దానిమీదే కచుంబర్ కోసం ఉల్లిపాయ, కీర, టమాటా తరుగుతారు. బిర్యానీ దమ్ మీద ఉడికి వస్తుంది కాబట్టి దానిలోని క్రిములు చస్తాయి. మరి కచుంబర్ మాటేమిటి? అది పొయ్యి ముఖం చూడదు. పచ్చి మాంసపు నీరు పలక మీంచి కీర ముక్కలోకి, కీర ముక్క మీంచి పసిపిల్లల కడుపులోకి వెళుతుంది. దావత్ జరిగిన మర్నాడు ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాంతులు, విరేచనాలతో పడిపోతే అందరూ బిర్యానీని అనుమానిస్తారు. పలకను ఎవరూ అనుమానించరు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జబహ్ తర్వాత మాంసంలో, నరాలలో మిగిలిపోయిన రక్తం అపవిత్రం కాదనీ, ప్రవహించిన రక్తమే అపవిత్రమనీ హనఫీ ఫిఖహ్ చెబుతుంది కదా, ఇంక పలక గురించి ఇంత పట్టింపెందుకు అని కొందరు అడగవచ్చు. ఆ మాట నిజమే. అది బట్టకు అంటితే నమాజు చెల్లుతుందా అన్న ప్రశ్నకు జవాబు. ఆ నీటిలో ఉన్న క్రిమి కడుపులోకి వెళితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. తనకు గాని ఇతరులకు గాని హాని కలిగించరాదన్నది షరీఅత్ మూలసూత్రాల్లో ఒకటి. రెండో ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. ఫిఖహ్ గ్రంథాలు అధికభాగం తహారత్ అధ్యాయంతోనే మొదలవుతాయి. తహారత్ దగ్గర మొదలైన మనిషి శుభ్రతకు వచ్చేసరికి ఆగిపోవడం సబబు కాదు.

అసలు ఈ పలక మన ఇళ్ళకు కొంత కొత్త వస్తువే. మన అమ్మలు, నానమ్మలు నేలమీద కూర్చుని కత్తిపీట మీద కూరగాయలు తరిగేవారు. కొన్నిచోట్ల దాన్ని ఈలపీట అంటారు. అందులో కత్తి నిలబడి ఉంటుంది, కాయను దానికేసి నొక్కుతారు, ముక్క నేరుగా గిన్నెలో పడుతుంది. కింద పలక అవసరమే లేదు. గట్టు మీద నిలబడి వండే వంటిళ్ళు వచ్చాక చేతికత్తి వచ్చింది, దానితోపాటు పలకా వచ్చింది. కత్తిపీటను ఎలా తుడవాలో, ఎలా పదును పెట్టాలో తల్లి కూతురికి నేర్పింది. పలక సంగతి నేర్పేవారు లేకపోయారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వస్తున్నది.

చెక్క మంచిదా, ప్లాస్టిక్ మంచిదా అని చాలామంది అడుగుతుంటారు. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కాబట్టి అదే శుభ్రమని అందరి నమ్మకం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్, ఆయన సహచరులు 1990ల తొలినాళ్ళలో ఈ విషయాన్ని పరీక్షించారు. చెక్క పలకను ప్లాస్టిక్ అంత సురక్షితంగా చేసే మార్గం కనుక్కోవాలని వారు బయలుదేరారు. ఫలితం తిరగబడింది. చెక్క మీద వేసిన క్రిములు లోపలికి ఇంకిపోయి, తిరిగి పైకి రాక, క్రమంగా నశించాయి. కొత్త ప్లాస్టిక్ పలక కడిగితే శుభ్రపడింది గాని, కత్తిగాట్లు పడిన పాత ప్లాస్టిక్ పలకను చేత్తో కడిగి శుభ్రపరచడం కష్టమయింది. ఈ ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి. ప్లాస్టిక్ పలక మీద కోసేటప్పుడు సన్నని ప్లాస్టిక్ రేణువులు ఊడివస్తాయని 2023లో అమెరికాలోనే వెలువడిన మరో పరిశోధన చూపింది. అమెరికా వ్యవసాయ శాఖ సైతం చెక్క పలకను వద్దనడం లేదు. పచ్చి మాంసానికి ఒకటి, కూరగాయలకూ రొట్టెకూ మరొకటి ఉంచుకోవడం మేలని అంటుంది.

అలాగని చెక్క అయితే చాలు, కడగకపోయినా ఫరవాలేదని ఎవరూ అనుకోవద్దు. ఎప్పుడూ తడిసి ఉండే చెక్క నుంచి ఈ మేలు ఆశించలేం. ఆరని చెక్కలో బూజు పడుతుంది, పగుళ్ళలో మాంసపు పీచు కుళ్ళుతుంది.

ఇక ఎంపిక విషయం. కసాయి దుకాణంలో ఉండే మొద్దును చూడండి. ఉర్దూలో కుందా అంటాం. మన ప్రాంతంలో అది సాధారణంగా చింతమొద్దు. చింతకర్ర బరువైనది, గట్టిది, దెబ్బకు తేలిగ్గా చిట్లదు. పైగా ఆ మొద్దును మాను అడ్డంగా కోసి తీస్తారు. పీచు నిలువుగా ఉంటుంది కనుక కత్తి పీచుల సందున దిగుతుంది, తీయగానే ఆ సందు చాలావరకు మూసుకుంటుంది. ఎముకలు కొట్టే ఇంటికి చిన్న చింతమొద్దును మించింది లేదు. అయితే మాను నడిబొడ్డుతో సహా గుండ్రంగా కోసిన బిళ్ళ ఎండేకొద్దీ పగుళ్ళిస్తుంది. కనుక పూర్తిగా ఆరిన దాన్ని చూసి కొనాలి.

రోజువారీ కూరగాయలకూ మెత్తని మాంసానికీ పలక సరిపోతుంది. దీన్ని బజారులో వెతకడం కంటే కర్రల అడితికి వెళ్ళి, చింత, తుమ్మ, వేప, టేకులలో ఏదో ఒకదాని ఎండిన ముక్క తీసుకుని, వడ్రంగితో చిత్రిక పట్టించుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఒకటిన్నర అంగుళం మందం, అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చేవ ఉన్న భాగాన్నే అడగండి. చింతలో చేవ ముదురు గోధుమ ఊదా రంగులో ఉంటుంది. పైనుండే లేతరంగు కర్రకు పురుగు త్వరగా పడుతుంది. ముడులు, పురుగు రంధ్రాలు, వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటే వద్దనండి. వేప కొత్తలో చేదు వాసన వేస్తుంది, వాడగా తగ్గుతుంది. మామిడి చవకే గాని మెత్తన, గాట్లు త్వరగా పడతాయి. ప్లైవుడ్ ముక్కను మాత్రం వంటింట్లోకి రానివ్వకండి. అది జిగురుతో అతికిన పొరల కట్ట. తడికి పొరలు విడుతాయి. రంగు గాని, వార్నిష్ గాని వేసిన పలకా వద్దు. కత్తి తగిలిన చోటల్లా ఆ పెచ్చు కూరలోకి చేరుతుంది.

కొత్త పలకకు మొదట నూనె పట్టించాలి. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కొన్నాళ్ళకు జిగటపడి మక్కు వాసన వేస్తాయి. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ చెడిపోదు. అందులో కాస్త తేనెమైనం కరిగించి రాస్తే ఇంకా మంచిది. రంగుల దుకాణంలో అమ్మే ఉడికించిన అవిసె నూనె వాడకండి, త్వరగా ఆరడానికి అందులో లోహపు మందులు కలుపుతారు. పొడి పలకకు నూనె రాసి, రాత్రంతా ఉంచి, ఉదయం గుడ్డతో తుడవాలి. మొదటి వారం రోజూ, ఆ తర్వాత నెలకొకసారి ఇలా చేస్తే చాలు. నూనె తాగిన చెక్క నీటిని తాగదు.

వాడిన వెంటనే వేడినీళ్ళతో, సబ్బుతో రెండు వైపులా కడగాలి. ఒకవైపే తడిస్తే పలక వంగిపోతుంది. నీళ్ళ తొట్టిలో నానబెట్టకూడదు. పచ్చి మాంసం కోసిన రోజున, సుమారు నాలుగు లీటర్ల నీటిలో ఒక పెద్ద చెంచాడు వాసన కలపని ద్రవ బ్లీచింగ్ కలిపి, పలక మీద పోసి, కొన్ని నిమిషాలుంచి, మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు, నిమ్మచెక్కతో రుద్దితే వాసన పోతుంది గాని క్రిములన్నీ చస్తాయనుకోవద్దు. బ్లీచింగ్‌తో నిమ్మరసం ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరబెట్టడం. ఉర్దూ మదర్సాలలో ఒకప్పుడు తఖ్తీ మీద రాయించేవారు. పిల్లవాడు దాన్ని కడిగి, ముల్తానీ మట్టి పూసి, నిలబెట్టి ఎండనిచ్చి, ఆ తర్వాతే కలం పట్టేవాడు. తడి తఖ్తీ మీద రాస్తే అక్షరం అలుక్కుపోయేది, ఉస్తాద్ ఊరుకునేవారు కారు. ఆరేడేళ్ళ పిల్లవాడు పాటించిన ఆ క్రమశిక్షణే వంటింటి పలకకూ కావాలి. గోడకు ఆనించి అంచు మీద నిలబెట్టండి, రెండు వైపులా గాలి తగలాలి. మండుటెండలో పెట్టకండి, పగులుతుంది. గాట్లు లోతుగా పడితే మళ్ళీ చిత్రిక పట్టించండి. గోరు దిగేంత పగులు ఏర్పడినా, ఎంత కడిగినా వాసన పోకపోయినా ఆ పలకకు సెలవు ఇవ్వవలసిందే.

రెండు పలకలు కొనడం ఇస్రాఫ్ అంటారా? ఒక్క దావత్‌కు పెట్టే ఖర్చులో ఇవెంత? ఒకే పలక ఉన్న ఇంట్లోనైనా ఒక పద్ధతి పాటించవచ్చు. పచ్చిగా తినేవి ముందు తరిగి పక్కన పెట్టి, మాంసం చివర కోయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇది ఒక్క ఇంటి ఆరోగ్యానికి సంబంధించిన విషయమే అయితే మేము ఇంతగా చెప్పేవాళ్ళం కాము. బక్రీద్ రోజుల్ని తలుచుకోండి. ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు పంచడం మన సత్సంప్రదాయం. ఆ మూడు భాగాలూ ఆ ఒక్క పలక మీంచే వెళతాయి. నిన్నటి మాంసం పీచు కుళ్ళుతున్న పలక మీద ముక్కలు చేసి, ఫ్రిజ్ కూడా లేని పేద ఇంటికి పంపితే అది ఎలాంటి కానుక? ఆ ఇంటి పిల్లవాడు జబ్బుపడితే వైద్యుని ఖర్చు వారు ఎక్కడినుంచి తెస్తారు? ఇతరుల హక్కు మన చేతిలో ఉన్నంతసేపు అది అమానత్. కాబట్టి అది పడే పలక శుభ్రత మన ఇష్టానికి వదిలేసిన విషయం కాదు.

పురుషులకు ఒక మాట. ఖుర్బానీ నాడు కత్తి పట్టేది మనం, ఆ తర్వాత రక్తపు పలకను గట్టు మీద వదిలేసి మిత్రులను కలవడానికి వెళ్ళేదీ మనమే. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలు సాయంత్రం దాన్ని తోమాలి. అప్పటికి నెత్తురు గడ్డకట్టి చెక్కలో ఇంకిపోయి ఉంటుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో చేదోడుగా ఉండేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయన సున్నతును దుస్తుల్లో, గడ్డంలో చూపే మనం ఒక పలక కడగడానికి నామోషీ పడాలా? కోసినవాడే కడగాలన్న నియమం ప్రతి ఇంట్లో పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.

ఈ జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్ళాక ఒక్కసారి వంటింట్లోకి తొంగిచూడండి. మీ పలకను చేతిలోకి తీసుకుని వాసన చూడండి, గోరుతో గాట్లను తడమండి. అది పొడిగా, గట్టిగా, వాసన లేకుండా ఉంటే ఆ ఇల్లాలికి కృతజ్ఞతలు చెప్పండి. లేకుంటే ఆ పని మీ చేతులతోనే మొదలుపెట్టండి. అల్లాహ్ మన ఇళ్ళను పాక్‌గానూ సాఫ్‌గానూ ఉంచుగాక!