మోటారు మార్చే ముందు ట్యాంకు చూడండి

ఈ వారం ధర్మవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరానికి ముందు జవాబు చెప్పాలి. మేడ మీద గదులు కట్టుకున్నాక పై స్నానాల గదిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ప్రెషర్ పంపు పెట్టించారట. నాలుగేళ్ళు బాగానే నడిచింది. ఇప్పుడు చెంబుడు నీళ్ళు పట్టుకున్నా మోటారు టక్‌మని ఆన్ అవుతోంది, వెంటనే ఆగుతోంది, మళ్ళీ ఆన్. మెకానిక్ వచ్చి, 'మోటారు పోయింది, కొత్తది వేయాల్సిందే' అన్నాడట. 'పాప ఫీజు కోసం ఎత్తిన చీటీ డబ్బులు ఇందులో పెట్టాలా అక్కా?' అని అడిగారు.

అప్పుడే తీయకు చెల్లీ! గాస్కెట్ పోతే కుక్కరు పారేస్తామా? ఇదీ అంతే. మోటారు పక్కనే చిన్న గ్యాసు బండలా ఒక ట్యాంకు ఉంటుంది. ముందు దాని సంగతి చూడాలి.

ట్యాంకు లోపల ఏముంది?

బయట ఇనుప డబ్బా, లోపల రబ్బరు తిత్తి. తిత్తిలో నీళ్ళు, దాని చుట్టూ గాలి. నీళ్ళను ఎంత నొక్కినా అణగవు, గాలి అణుగుతుంది. మోటారు నీళ్ళు తోస్తే గాలి అణిగి కూర్చుంటుంది. మోటారు ఆగాక మనం కొళాయి తిప్పితే ఆ గాలే నీళ్ళను బయటికి నెడుతుంది. ఇళ్ళల్లో ఎక్కువగా పెట్టే 24 లీటర్ల ట్యాంకు బాగుంటే, మోటారు తిరగకుండానే దాదాపు 8 లీటర్లు ఇస్తుంది. మొహం కడుక్కోవడానికీ, బియ్యం కడగడానికీ మోటారుతో పనే ఉండదు.

గాలి దిగిపోయినా, తిత్తి చిరిగినా చెంబుకొకసారి మోటారు లేస్తుంది. మోటారు లేచే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. రోజంతా అలా లేస్తూ ఆగుతూ ఉంటే ఆ వేడికి వైండింగ్ కాలిపోతుంది. అప్పుడు నిజంగానే మోటారు పోతుంది! కొత్తది తెచ్చి పాత ట్యాంకుకే తగిలిస్తే దాని గతీ అంతే.

మీరే చూసుకోవచ్చు

ముందు స్విచ్ ఆపి, చేతులు తుడుచుకుని ప్లగ్గు తీసేయండి. ట్యాంకు కొసన ఉన్న ప్లాస్టిక్ మూత విప్పితే స్కూటరు ట్యూబుకు ఉండేలాంటి వాల్వు కనిపిస్తుంది. మధ్యలో పిన్నును కొద్దిగా నొక్కండి.

నీళ్ళు చిమ్మితే తిత్తి చిరిగిందన్నమాట. గాలి వస్తే వెంటనే వదిలేయండి. గాలి తగ్గి ఉండొచ్చు, కొలిచి చూడాలి. ఏమీ రాకపోతే గాలి పూర్తిగా దిగిపోయింది.

గాలి కొలవాలన్నా, కొట్టాలన్నా ముందు పై ట్యాంకు వాల్వు కట్టేసి, పంపు తర్వాతి కొళాయి తిప్పి లోపలి నీళ్ళు వదలాలి. పారబోయకండి, బకెట్లో పట్టుకోండి. తర్వాత టైరు గాలి చూసే గేజితో కొలవండి. మోటారు 20 పౌండ్ల దగ్గర ఆన్ అయ్యేదైతే గాలి 18 ఉండాలి, అంటే రెండు తక్కువ. సైకిలు పంపు చాలు. నాలుగు రోజుల్లో మళ్ళీ దిగిపోతే తిత్తో, వాల్వో పాడైనట్టే.

ఎవరూ నీళ్ళు వాడని అర్ధరాత్రి మోటారు లేస్తోందా? అయితే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. ముందు కొళాయిలు, లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు చూడండి.

మార్చేటప్పుడు

బోల్టులతో ప్లేటు బిగించిన ట్యాంకయితే తిత్తి ఒక్కటే మార్చవచ్చు. పాతది కొట్టుకు తీసుకెళ్ళి అదే సైజు తెచ్చుకోండి. డబ్బా లోపల తుప్పు పట్టి ఉంటే ట్యాంకే మార్చడం మేలు. అవే లీటర్లు, అదే పైపు సైజు చూడండి. కొత్త ట్యాంకులో కూడా బిగించే ముందు గాలి కొలిచి చూపించమనండి. 'ఆడవాళ్ళకేం తెలుసు' అనుకునే మెకానిక్ కూడా, పిన్ను నొక్కి చూపించమంటే కాస్త ఆలోచించి మాట్లాడతాడు.

మన అనంతపురం వాళ్ళకు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. మన బోరు నీళ్ళు గిన్నెల మీద తెల్లగా పేరుకోవడం మీరు చూస్తున్నదే. ఆ సున్నమే ప్రెషర్ స్విచ్‌కు వెళ్ళే సన్నటి దారిలోనూ పేరుకుంటుంది. అది మూసుకుపోయినా మోటారు ఇలాగే టక్‌టక్‌మంటుంది. ట్యాంకు బాగుందని తేలితే మెకానిక్‌తో దాన్ని శుభ్రం చేయించండి.

ఇంకో మాట. ఎండాకాలం బోరు అడుగంటి మేడ మీద ట్యాంకు ఖాళీ అయితే, ప్రెషర్ పంపు నీళ్ళు లేకుండా తిరిగి సీలు కాలిపోతుంది. ట్యాంకులో నీళ్ళు తగ్గితే పంపు తనంతట తానే ఆగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. అంతవరకూ ఖాళీ ట్యాంకు అనుమానం వస్తే ప్లగ్గు తీసేయండి. కింది వంటింటికి మాత్రం పంపుతో సంబంధం లేకుండా పై ట్యాంకు నుంచి నేరుగా ఒక పైపు ఉంచుకోండి. కరెంటు పోయినా, పంపు పాడైనా వంట ఆగదు. ట్యాంకరు తోలించుకునే రోజుల్లో షవరు మాని బకెట్టుతో స్నానం చేస్తే నీళ్ళు పొదుపు, పంపుకూ విశ్రాంతి.

ధర్మవరం చెల్లీ, ముందు పిన్ను నొక్కి చూడు. చీటీ డబ్బుల మాట తర్వాత.

వచ్చే వారం: బోరు నీళ్ళకు తెల్లబడిన స్టీలు గిన్నెలను చింతపండుతో తళతళలాడించడం ఎలాగో చెప్పుకుందాం.