కొలిచి చూడని లాభం అమ్మదగిన సరుకు కాదు

నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ నుంచి ఒక సోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. ఆయన ఆళ్లగడ్డ, నంద్యాలల వైపు కారు బాడుగకు నడుపుతారు. స్టీలు పలకలు అమర్చిన డబ్బాలో నీరు పోసి, కొంత కాస్టిక్ కలిపి, కారు కరెంటు ఇస్తే హైడ్రోజన్ పుడుతుందనీ, దానిని గొట్టం ద్వారా ఇంజనులోకి పంపితే పెట్రోలు ఖర్చు మూడో వంతు తగ్గుతుందనీ సెల్‌ఫోన్‌లో చూచి, తానే ఒక కిట్టు తయారు చేసుకున్నారట. బంధువులు తమ కార్లకూ బిగించమంటున్నారు. బావమరిది అప్పుడే బయానా కూడా ఇచ్చారు. కిట్టు నిజంగా లాభిస్తుందా, ఈ సంపాదన తనకు హలాల్ అవుతుందా అని ఆయన అడుగుతున్నారు.

రెండవ ప్రశ్న అడగాలని తోచినందుకు ఆయనను మనసారా అభినందిస్తున్నాము. అయితే దాని జవాబు మొదటి ప్రశ్నలోనే ఉన్నది.

నీటిలో హైడ్రోజన్ ఉన్న మాట నిజమే. కరెంటు పంపితే అది విడివడుతుందన్నదీ నిజమే. కాని హైడ్రోజన్ మండిన తరువాత మిగిలేదే నీరు. పొయ్యిలో బూడిద ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ బూడిదను తిరిగి కట్టెగా మార్చాలంటే, కట్టె మండినప్పుడు వచ్చినంత శక్తినైనా మళ్లీ వెచ్చించాలి.

మన జిల్లాలోనే, పాణ్యం మండలం పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం ఉన్నది. కరెంటు సమృద్ధిగా ఉన్న వేళ దిగువ జలాశయపు నీటిని ఎగువకు ఎత్తి, అవసరమైన వేళ క్రిందికి వదలి కరెంటు తీస్తారు. ఎత్తడానికి ఖర్చయిన కరెంటు మొత్తం తిరిగి రాదు. కొంత నష్టం తప్పదని అక్కడి ఇంజనీర్లకు తెలుసు. మిగులు కరెంటును దాచుకోవడమే వారి ప్రయోజనం. పెట్టినదానికంటె ఎక్కువ వస్తుందని వారెవ్వరూ చెప్పరు. కిట్టు అమ్మేవారు చెప్పేది సరిగ్గా అదే.

లెక్క కట్టి చూద్దాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటలో 3 లీటర్ల పెట్రోలు త్రాగుతుంది. ఆ పెట్రోలు ఇచ్చే వేడిశక్తి సుమారు 26 వేల వాట్లు. 20 ఆంపియర్లు తీసుకునే కిట్టుకు దాదాపు 270 వాట్ల కరెంటు కావాలి. ఆ కరెంటు ఊరక రాదు. ఆల్టర్నేటరును త్రిప్పడానికి ఇంజను సుమారు 450 వాట్లు అదనంగా శ్రమించాలి. పుట్టే హైడ్రోజన్‌లో ఉండే శక్తి మహా అయితే 150 వాట్లు, అంటే పెట్రోలు శక్తిలో నూటికి ఒక వంతు కూడా కాదు. అది ఇంజనులో మండి చక్రాలకు అందించేది 40 వాట్ల చిల్లర. నాలుగు వందల యాభై ఇచ్చి నలభై తీసుకునే బేరాన్ని ఏ వర్తకుడు లాభమంటాడు?

హైడ్రోజన్ పెట్రోలును పూర్తిగా మండిస్తుందని మరికొందరి వాదన. నేటి ఇంజన్లలో పెట్రోలు ఇంచుమించు అంతా మండిపోతూనే ఉన్నది. నష్టమయ్యేది రేడియేటరు, సైలెన్సర్ల ద్వారా వేడి రూపంలో. మరి కిట్టు బిగించినవారు మైలేజీ పెరిగిందని ఎందుకంటారు? డబ్బు పెట్టినవాడు ఆ వారం నెమ్మదిగా నడుపుతాడు, టైర్లలో గాలి చూచుకుంటాడు. ఆ ఫలితం డబ్బా ఖాతాలో పడుతుంది.

ఇటువంటి ఆశ కొత్తది కాదు. నీటితో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్ చేసినది మోసమని అమెరికాలోని ఒహాయో న్యాయస్థానం 1996లో తేల్చి, పెట్టుబడి పెట్టినవారి సొమ్ము తిరిగి ఇమ్మన్నది. 2012లో పాకిస్తాన్‌లో ఆగా వకార్ అహ్మద్ అనే వ్యక్తి నీటితో కారు నడుస్తుందని ప్రకటించగా మంత్రులు సైతం మెచ్చుకున్నారు. పర్వేజ్ హూద్‌భాయ్ వంటి భౌతికశాస్త్రవేత్తలు మాత్రం ఇది ప్రకృతి నియమాలకే విరుద్ధమని స్పష్టం చేశారు. మనవాడు సాధించాడన్న సంతోషం సాక్ష్యం కాజాలదు. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోవాలనీ, తెలియని దాని వెంట పడరాదనీ దివ్య ఖుర్‌ఆన్ మనకు బోధించినది ఇందుకే.

ప్రమాదం మరొకటి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన వాయువు చిన్న నిప్పురవ్వకే ప్రేలుతుంది. కాస్టిక్ నీరు చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. తయారీదారు నిర్ణయించిన తీరును ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. కారులో కూర్చునే ప్రయాణికుల ప్రాణాలు డ్రైవరు చేతిలో అమానతు.

ఇక హలాల్ సంగతి. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనం చూచేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ఆ వర్తకుని రాశిలో కనీసం ధాన్యమైనా ఉన్నది. లేని మైలేజీకి వెల కట్టేవాని రాశిలో ఏముంటుంది? నమ్మకంతో అమ్మాను గనుక తప్పు నాది కాదనడం, కొలవకుండానే తూకం సరిపోయిందనడం వంటిది.

సోదరునికి మా సలహా ఇది. బావమరిది బయానా తిరిగి ఇచ్చివేయండి. కారణం దాచకుండా చెప్పండి. మీ డబ్బాను విప్పి, కాస్టిక్ నీటిని పిల్లలకు అందకుండా జాగ్రత్తగా తొలగించండి. ప్రతి వారం టైర్ల గాలి చూడండి. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంచండి. అవసరం లేని కారియరును పైనుంచి దించండి. ఒకే వేగంతో నడపండి. ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు పుస్తకంలో వ్రాసుకోండి. ఆదా కొంచెమే కావచ్చు, కాని అది మీరు స్వయంగా కొలిచి చూచినది.

బయానా తిరిగి ఇచ్చేటప్పుడు కొంత సిగ్గుగా ఉంటుంది. బంధువు ముందు ఒక పూట పడే ఆ సిగ్గు, రేపు అల్లాహ్ సన్నిధిలో ఇవ్వవలసిన లెక్క కంటె ఎంతో తేలిక. ఆయన మనందరికీ శుభప్రదమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.