అప్పు కన్నా ముందు చేరాల్సిన సాయం

తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతంలో బాతులు మేపే ఒకాయన దగ్గర ఓ యానాది గిరిజన కుటుంబం పనిచేసేది. ఇంటి పెద్ద చనిపోయాడు. ఆయన తీసుకున్న 25,000 రూపాయలు తీర్చనిదే కదలడానికి వీల్లేదని యజమాని అడ్డం తిరిగాడనీ, వడ్డీతో కలిపి 45,000 కట్టమన్నాడనీ, డబ్బు తెచ్చేదాకా పిల్లల్లో ఒకణ్ణి వదిలి వెళ్లమన్నాడనీ తల్లి చెబుతోంది. తొమ్మిదేళ్ల బిడ్డను వదిలి వెళ్లింది. ఫోనులో మాట్లాడినప్పుడల్లా వాడు వచ్చి తీసుకుపొమ్మని అడిగేవాడు. ఎలాగో డబ్బు కూడదీసుకుని కబురు చేస్తే బిడ్డ కనపడలేదు. 2025 మే నెలలో తమిళనాడులోని కాంచీపురం దగ్గర పాతిపెట్టిన ఆ పసివాడి మృతదేహాన్ని పోలీసులు వెలికి తీయించారు. కామెర్లతో చనిపోయాడని యజమాని వాదన. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ అప్పుకు బిడ్డను తాకట్టు పెట్టుకునే పద్ధతి మన జిల్లాలో ఇంకా బతికే ఉందన్న సంగతి తెలుసుకోవడానికి తీర్పు దాకా ఆగనక్కర్లేదు.

వరి కోతలయ్యాక పొలంలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు బాతులకు మేత. ఒక మడి అయిపోతే ఇంకో మడికి, ఒక ఊరు అయిపోతే ఇంకో ఊరికి మంద కదులుతుంది. సత్యవేడు, సూళ్లూరుపేట వైపు నుంచి ఒక్కోసారి రాష్ట్రం హద్దు దాటిపోతుంది. మంద వెంట పరుగెత్తడానికి, రాత్రిళ్లు గుడారంలో కాపలా పడుకోవడానికి పిల్లలు కావాలి. పెద్దలకు అడ్వాన్సు ఇస్తే పిల్లల పని ఊరికే వస్తుంది. ఊళ్లు మారే పిల్లాడి పేరు ఏ బడి రిజిస్టరులోనూ ఉండదు. వాడు బడికి రావడం లేదని అడిగే టీచరూ ఉండరు.

ఇక్కడ ఒక లెక్క నన్ను నిద్రపోనివ్వడం లేదు. సంపాదించే మనిషి చనిపోతే పేద కుటుంబానికి కేంద్రం జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారిగా 20,000 ఇస్తుంది. మన రాష్ట్రంలో వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000. భర్తను పోగొట్టుకున్న పేద తల్లి పిల్లల కోసం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ ఉంది. 2022 నిబంధనల ప్రకారం బిడ్డకు నెలకు 4,000. ఒక్క బిడ్డకు ఆరు నెలలు అందినా 24,000. అంటే ఆ తండ్రి చేసిన అప్పు దాదాపు తీరిపోతుంది. ఇవన్నీ కాగితం మీద ఆ తల్లిలాంటి వాళ్ల కోసమే పుట్టిన పథకాలు. వెట్టి నుంచి విడిపించిన వాళ్లకు తక్షణ సాయంగా ఇచ్చే మొత్తం ఎంతో తెలుసా? 30,000 దాకా. బిడ్డ చిక్కుకున్నాక ఇంత ఇవ్వగల ప్రభుత్వం, చిక్కుకోక ముందు 25,000 ఇవ్వలేకపోయింది.

ఎందుకంటే అప్పిచ్చేవాడు కాగితం అడగడు. పథకం ఆధార్, రేషన్ కార్డు, కులధ్రువీకరణ, మరణ ధ్రువీకరణ పత్రాలు అడుగుతుంది. తల్లికి వందనం పథకం కింద 2025లో ఖాతాల్లో పడిన 13,000 కూడా బడిలో చదివే పిల్లల తల్లులకే. యానాదుల్లో చాలామందికి ఈ పత్రాల్లో ఏదో ఒకటి ఉండదు. తాతల కాలం నుంచి చెరువుగట్టు మీదో, ఒకరి తోటలోనో ఉంటూ వచ్చిన వాళ్లకు అడ్రసు ఎక్కడిది? రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని ఖాళీ చేయించినప్పుడు అడవి, మడుగులు పోగొట్టుకుని బయటికి వచ్చిన వాళ్లలో యానాదులున్నారు. వాళ్ల కోసం జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు కార్యాలయంలో కూర్చోలేదు. యానాది సంఘం పెట్టి గుడిసె గుడిసెకూ వెళ్లారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన దారి మాత్రం మనం పట్టలేదు.

తిరుపతికి దానం కొత్త కాదు. అనాథ పిల్లల కోసం దేవస్థానం 1943లోనే బాలమందిరం తెరిచింది. 1981లో మునిరత్నం గారు మొదలుపెట్టిన రాయలసీమ సేవా సమితి తర్వాత రాష్ట్రీయ సేవా సమితిగా పెరిగి, కూలికి వెళ్లే తల్లుల పిల్లలకు పల్లెల్లోనే బాల్వాడీలు నడిపింది. 2021 అక్టోబరులో మొదలైన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని చూడండి. గుండెకు రంధ్రంతో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాల్సిన రోజుల నుంచి, ఆరోగ్య పథకం కింద చేయించుకుని ఇంటికి వెళ్లే రోజుకు వచ్చాం. ఆ తల్లిదండ్రులు అప్పుల పాలు కాలేదన్నది ఆపరేషన్ జరగడమంత పెద్ద విషయం. ఒక బిడ్డను బతికించి, ఆ ఖర్చుకు ఇంకో బిడ్డను పనికి పెట్టాల్సివస్తే ఏం బాగుపడ్డట్టు? కానీ ఈ మంచి అంతా తలుపు దాకా రాగలిగిన వాళ్లకు అందుతోంది. సత్యవేడు గుడారంలో ఉన్న తల్లి ఆ తలుపు దాకా ఎప్పుడూ రాలేదు.

సత్యవేడుకు ఆనుకునే ఉన్న తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఇరుళర్ గిరిజనులను రైస్ మిల్లుల నుంచీ ఇటుక బట్టీల నుంచీ విడిపించారు. విడిపించి వదిలేస్తే కొత్త అప్పు కోసం మళ్లీ అదే బట్టీకి చేరతారని జిల్లా యంత్రాంగానికి అర్థమైంది. అందుకే వాళ్లే నడుపుకునే ‘సిరగుగళ్’ అనే ఇటుక బట్టీ పెట్టించింది. రెక్కలు అని ఆ మాటకు అర్థం. పిల్లల పేరుతో కట్టిన హాస్టల్ కన్నా, పిల్లల తల్లిదండ్రులకు అడ్వాన్సు అవసరం లేకుండా చేసిన ఆ బట్టీయే నాకు పిల్లల సంక్షేమంగా కనిపిస్తుంది.

మన దగ్గర చేయగలిగింది ఉంది. వెట్టి నుంచి విడుదలైన వాళ్ల కోసం ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షల మూలనిధి ఉండాలని కేంద్ర పథకంలోనే ఉంది. అలాంటిదే ఇంకొక నిధి, చావు జరిగిన ఇంటికి అదే రోజు చేరేలా కలెక్టరు చేతిలో ఉండాలి. దాతలకు, దేవస్థానానికి అది పెద్ద భారం కాదు. యానాది కాలనీలో మనిషి పోయాడని తెలిసిన రోజే సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు అంత్యక్రియల డబ్బుతో వెళ్లాలి. పింఛను, స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు ఆయనే నింపాలి. లేని కాగితం తెప్పించే పని కూడా ఆయనదే కావాలి. బాతుల గుడారాలను కూడా లెక్కపెట్టాలి. ఏ మంద వెంట ఎందరు పిల్లలున్నారో వీఆర్వోకు, పశువైద్య సహాయకుడికి ఒక్క పూట పని. మేత ఉన్నన్నాళ్లే మంద ఆ ఊళ్లో ఉంటుంది, ఆ తర్వాత గుడారం ఏ జిల్లాలో వేస్తారో చెప్పలేం. వెళ్లి చూడాల్సింది ఆలోపే.