వచ్చేవాళ్లు రారు... ఉన్నవాళ్లు ఉండరు!

2023 మే 20. సిడ్నీలోని లైకార్ట్ ఓవల్ మైదానం. వెస్ట్స్ టైగర్స్ జట్టు 66-18 తేడాతో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌ను చితక్కొట్టింది. గడ్డి దిబ్బ మీద కూర్చుని చూసిన జనానికి ఆ రాత్రి నిద్రపట్టి ఉండదు. మావాళ్లకి మంచి రోజులొచ్చాయి అనుకున్నారు.

సరిగ్గా ఆరు వారాలు గడిచాయి. జులై 1. అదే టైగర్స్, అదే కౌబాయ్స్. ఈసారి ప్రత్యర్థి సొంతూరు టౌన్స్‌విల్‌లో. స్కోరు... 74-0. డెబ్భై నాలుగూ కౌబాయ్స్‌వే. సున్నా మనోళ్లది!

టైగర్స్ అభిమానిగా బతకడమంటే ఏమిటో ఈ రెండు స్కోర్లు చెప్పేస్తాయి. పెళ్లి భోజనం పెట్టి, చెయ్యి కడుక్కునేలోపే విస్తరి విసిరి ముఖాన కొట్టినట్టు ఉంటుంది.

ఆ ఏడాది చివర్లో టైగర్స్‌కు చెక్క గరిటె దక్కింది. పట్టికలో అందరికన్నా అడుగున నిలిచిన జట్టుకు అక్కడివాళ్లు సరదాగా ఇచ్చే బిరుదది. మన వంటిళ్లలో తెడ్డు అంటామే, అదే అనుకోండి. 2022లో అదే గరిటె, 2023లో అదే, 2024లో కూడా అదే. వరసగా మూడేళ్లు!

ఏ ఆటిది అంటారా... రగ్బీ లీగ్. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని అవతలివాళ్లు పట్టేస్తారు. అలా ఆరుసార్లు పట్టుబడేలోగా గీత దాటి బంతిని నేలకు తాకించాలి. దాన్ని ట్రై అంటారు, నాలుగు పాయింట్లు. కూత ఒక్కటీ లేదు కానీ మన కబడ్డీ చూసినవాళ్లకి ఆ పట్లూ ఆ విదిలింపులూ కొత్తగా ఉండవు. సిడ్నీలో ఈ ఆటకి 1908 నుంచీ లీగ్ ఉంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ పారమట్టా, వెస్ట్‌మీడ్, హారిస్ పార్క్ వైపంతా ఈ ఆటకి పెట్టని కోట. అక్కడ పెరిగే మన పిల్లలకి బళ్లో తోటివాళ్లు వేసే మొదటి ప్రశ్నల్లో 'నీ జట్టేది?' అన్నదీ ఉంటుంది. ఆ ప్రశ్నకి 'టైగర్స్' అని చెప్పే పిల్లాడికి కొంచెం గుండెధైర్యం కావాలి.

రెండిళ్ల కాపురం

టైగర్స్ ఒక జట్టు కాదు, రెండు పాత జట్ల కలయిక. బాల్మెయిన్ టైగర్స్ ఒకటి, వెస్టర్న్ సబర్బ్స్ మాగ్‌పైస్ ఇంకొకటి. రెండూ 1908లో పుట్టినవే. ఓడరేవు కూలీల పేట బాల్మెయిన్‌ది పదకొండు టైటిళ్ల చరిత్ర. మాగ్‌పైస్‌వి నాలుగు. తొంభైల చివర్లో జట్ల సంఖ్య తగ్గించాలని లీగ్ పట్టుబట్టినప్పుడు, విడివిడిగా మునిగేకన్నా కలిసి ఈదడం మేలని ఇద్దరూ చేతులు కలిపారు. 2000లో వెస్ట్స్ టైగర్స్ పేరుతో బరిలోకి దిగారు.

దాంతో ఇళ్లు రెండయ్యాయి. ఒకటి సిడ్నీ నడిబొడ్డుకు దగ్గరున్న లైకార్ట్. రెండోది యాభై కిలోమీటర్ల అవతల నైరుతి శివారులోని క్యాంబెల్‌టౌన్. ఇవి చాలవన్నట్టు కొన్నాళ్లు పారమట్టాలోని కొత్త స్టేడియంలోనూ ఆడారు. ఎక్కడ ఆడినా ఇంకోచోటివాళ్లకి కోపమే. ఇద్దరు భార్యల మొగుడి సామెత ఊరికే పుట్టిందా!

అయినా ఒక్క ఏడాది మాత్రం అందరూ ఒక్కటయ్యారు. 2005. అంతకుముందు ఒక్కసారైనా ఫైనల్స్ దశకే చేరని జట్టు, ఆ ఏడాది ఏకంగా కప్పు కొట్టింది. గ్రాండ్ ఫైనల్లో కౌబాయ్స్ మీద 30-16. ఆ మ్యాచ్‌లో ఇరవై ఏళ్ల బెంజి మార్షల్ అనే న్యూజిలాండ్ కుర్రాడు తమ గీత దగ్గర బంతి అందుకుని, మైదానంలో సగానికి పైగా దూసుకెళ్లి, వెనక్కి చూడకుండానే చేతిని వీపు వెనకనుంచి తిప్పి ప్యాట్ రిచర్డ్స్‌కి బంతి అందించాడు. రిచర్డ్స్ అడ్డొచ్చినవాణ్ని ఒంటిచేత్తో తోసేసి ట్రై కొట్టాడు. ఇప్పటికీ ఏ ఇంట్లో టైగర్స్ మాట వచ్చినా ముందుగా వచ్చేది ఆ పాసే. నాన్నలు చెబుతుంటే పిల్లలు వింటారు... మన ఇళ్లలో 1983 ప్రపంచకప్ గురించి విన్నట్టు.

2010లో ఇంకో అడుగు వేస్తే మళ్లీ గ్రాండ్ ఫైనలే. సెయింట్ జార్జ్ ఇల్లవారా చేతిలో 13-12 తేడాతో ఓడారు. ఒక్కటంటే ఒక్క పాయింటు! 2011లో మళ్లీ ఫైనల్స్ చేరి వెనుదిరిగారు. అంతే. ఆ తరవాత 2025 దాకా పద్నాలుగు సీజన్లలో టైగర్స్ ఫైనల్స్ ముఖం చూస్తే ఒట్టు. 2012లో పుట్టిన బిడ్డ హైస్కూల్లోకి వచ్చాడు కానీ తన జట్టు ఫైనల్స్ ఆడటం చూడలేదు.

ఫైనల్స్‌కి వెళ్లేది ఎనిమిది జట్లు. మరి 2016లో టైగర్స్ స్థానం? తొమ్మిది. 2018లో? తొమ్మిది. 2019లో? అదీ తొమ్మిదే! ఆ 2019లో ఆఖరి మ్యాచ్ లైకార్ట్‌లో, క్రోనుల్లా మీద. గెలిచినవాళ్లకి ఫైనల్స్‌లో చోటు. పైగా ఆ జట్టే ప్రాణంగా బతికిన రాబీ ఫరా వీడ్కోలు సీజన్. దిబ్బంతా జనంతో నిండిపోయింది. 25-8తో ఓడారు.

నలుగురిలో మిగిలింది ఒక్కడే

ఇంత చెప్పాక అభిమాని అడిగే ప్రశ్న ఒకటే. 'మా జట్టులో ఒక్క స్టార్ కూడా ఎందుకు లేడు?'

నిజానికి ఉన్నారు. ఉన్నారు అనడం కన్నా, ఉండేవారు అనడం సబబు. 2017లో టైగర్స్‌లో నలుగురి ఒప్పందాలు ఒకేసారి ముగింపుకొచ్చాయి. జేమ్స్ టెడెస్కో, ఆరన్ వుడ్స్, మిచెల్ మోజెస్, ల్యూక్ బ్రూక్స్. పెద్ద నలుగురు అని పత్రికలు పేరు పెట్టాయి. ఆ ఏడాదంతా వీళ్లుంటారా పోతారా అన్నదే చర్చ. ఆఖరికి మోజెస్ సీజన్ మధ్యలోనే పారమట్టాకి వెళ్లిపోయాడు. వుడ్స్ బుల్‌డాగ్స్‌కి. టెడెస్కో రూస్టర్స్‌కి.

అక్కడితో అయిపోతే కడుపుమంట అంత ఉండేది కాదు. టెడెస్కో వెళ్లిన మొదటి ఏడాదే, 2018లో, రూస్టర్స్ కప్పు కొట్టారు. 2019లో మళ్లీ కొట్టారు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే. తరవాత ఆస్ట్రేలియా జట్టుకే కెప్టెనయ్యాడు. మోజెస్ 2022లో పారమట్టాను గ్రాండ్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 2016లో టైగర్స్ తరఫున ఆడటం మొదలుపెట్టిన జోష్ ఆడో-కార్ మరుసటేడు మెల్‌బోర్న్‌కి వెళ్లాడు... వెళ్లీ వెళ్లగానే కప్పు! మొక్కకు నీళ్లు పోసింది ఒకళ్లు, కాయలు కోసుకున్నది పక్కింటివాళ్లు.

ఆటగాళ్లనే అంటే ఎలా... కోచ్ సంగతి వినండి. అదే 2017లో వచ్చిన ఐవన్ క్లియరీ, ఉండేవాళ్లు బస్సెక్కండి, లేనివాళ్లు దిగిపొండి అన్న ధోరణిలో మాట్లాడాడు. అభిమానులకు ఆ మాట తెగ నచ్చింది. ఏడాదిన్నర తిరక్కుండానే డ్రైవరే బస్సు దిగి పెన్రిత్‌కి వెళ్లిపోయాడు! అక్కడ అతని కొడుకు నేథన్ ఆడుతున్నాడు. కన్నకొడుక్కి ఆట నేర్పాలనుకున్న తండ్రిని తప్పుపట్టడం కష్టమే. కానీ ఆ తండ్రీకొడుకులు కలిసి 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు కప్పులు కొడుతుంటే, అందులో మూడేళ్లు అట్టడుగున కూర్చుని చూసినవాళ్ల మనసు ఎలా ఉంటుంది?

నలుగురిలో ఉండిపోయింది బ్రూక్స్ ఒక్కడు. జట్టు ఓడిన ప్రతిసారీ తిట్లు కూడా అతనికే. పోయినవాళ్ల మీది కోపం ఉన్నవాడి మీద తీర్చుకోవడం అన్ని ఇళ్లలోనూ జరిగేదే. టైగర్స్ తరఫున రెండొందలకు పైగా మ్యాచ్‌లాడి, ఒక్క ఫైనల్స్ మ్యాచ్ కూడా ఆడకుండా 2023 చివర్లో అతనూ మ్యాన్లీకి వెళ్లాడు. 2024లో, అంటే వెళ్లిన తొలి ఏడాదే, ఫైనల్స్ ఆడాడు. టైగర్స్ అభిమానుల్లో కూడా చాలామంది ఆ రోజు అతనికోసం సంతోషించే ఉంటారు. పాపం, అతను మాత్రం ఏం చేశాడు?

డబ్బులేక కాదు

డబ్బులేక స్టార్లు రావట్లేదా? కాదు. ఈ లీగ్‌లో జీతాలకు పరిమితి ఉంది. కప్పు కొట్టినవాళ్లయినా గరిటె పట్టినవాళ్లయినా ఆటగాళ్ల మీద పెట్టగలిగేది ఒకటే మొత్తం. మరి అందరికీ సమానంగా స్టార్లు దొరకాలి కదా?

కిటుకంతా ఇక్కడే ఉంది. మన ఐపీఎల్‌లో, ప్రొ కబడ్డీలో వేలం జరుగుతుంది. సుత్తి ఎక్కడ పడితే ఆటగాడు అక్కడికి వెళ్లాల్సిందే. రగ్బీ లీగ్‌లో వేలం లేదు. ఆటగాడే జట్టును ఎంచుకుంటాడు. ఒప్పందం ఆఖరి ఏడాదిలో పడబోతుంటే, ఆ ముందు నవంబరు 1 నుంచే వేరే జట్లతో మాట్లాడుకోవచ్చు. రెండు ఇళ్ల నుంచి ఒకే జీతం చెబితే, గెలిచే ఇల్లు వదిలి ఓడే ఇంటికి ఎవరొస్తారు? రావాలంటే ఎక్కువ ఇవ్వాలి. ఒకడికి ఎక్కువిస్తే మిగతావాళ్లకి తక్కువ మిగులుతుంది. జట్టు పలచబడుతుంది. మళ్లీ ఓడుతుంది. వచ్చే ఏడాది ఇంకొకడికి ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఊబిలో కాలేసినవాడు ఒక కాలు లాగితే రెండోది దిగబడినట్టు!

కొనలేనప్పుడు పెంచుకోవాలి. టైగర్స్‌కు ఆ దారి లేదనీ కాదు. క్యాంబెల్‌టౌన్ చుట్టుపక్కలంతా ఈ ఆట ఆడే పిల్లలే. టెడెస్కో పుట్టింది అక్కడికి దగ్గర్లోని క్యామ్‌డెన్‌లో. 2012లో ఇరవై ఏళ్లలోపువాళ్ల గ్రాండ్ ఫైనల్‌ని టైగర్స్ కుర్రాళ్లు 46-6తో గెలిచారు. నారుమడి బాగానే ఉంది. నాట్లు వేశాక నిలబెట్టుకోవడమే చేతకాలేదు. కోచ్‌ల మీద కోచ్‌లు మారారు. ఒక్కొక్కరు వచ్చి పాతవాడు నాటింది పీకి కొత్తది వేశారు. 2023 చివర్లో బయటివాళ్లతో సమీక్ష చేయించాక ఛైర్మనూ ముఖ్య అధికారీ కూడా తప్పుకోవాల్సి వచ్చింది.

పోనీ స్టార్ వస్తే గట్టెక్కేస్తారా అంటే, ఆ ముచ్చటా మనకు తెలిసిందే. మన తెలుగు టైటాన్స్ 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లు పెట్టి కొన్నారు. అప్పటికి రెండు సీజన్లుగా అడుగునున్న జట్టు ఆ సీజన్లోనూ అడుగునే ఉంది. ఒక్కడు ఎంతమందిని పట్టుకుంటాడు!

కుర్రాడు... మళ్లీ పాత కథ

2024లో బెంజి మార్షల్ కోచ్‌గా వచ్చాడు. అవును, ఆ పాస్ ఇచ్చిన బెంజియే. అతన్నీ ఈ జట్టు రెండుసార్లు వదులుకుంది. 2013లో ఒప్పందం కుదరక వెళ్లాడు. తిరిగొచ్చాక 2020లో ఇక చాలన్నారు. అలాంటివాడే ఇల్లు నిలబెట్టడానికి మళ్లీ వచ్చాడు. అదే ఏడాది లాక్లన్ గాల్విన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు జట్టులోకొచ్చాడు. ఇన్నాళ్లకి ఒకడు దొరికాడు అనుకున్నారు జనం. పెన్రిత్‌తో నాలుగు కప్పులూ కొట్టిన జెరోమ్ లువాయ్ కూడా 2025 నుంచి టైగర్స్‌కే వస్తానన్నాడు. ఐదేళ్లకు అరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లని పత్రికలు రాశాయి. మన లెక్కలో ముప్ఫై కోట్లకు పైనే.

2025 ఏప్రిల్‌లో గాల్విన్ చెప్పాడు, కొత్త ఒప్పందం చేసుకోనని. ఇంకో ఏడాదికి పైగా గడువుండగానే. జట్టు అతన్ని పక్కన పెట్టింది. మే నెల దాటకముందే అతను బుల్‌డాగ్స్ మనిషయ్యాడు.

పత్రికల్లో మళ్లీ అవే శీర్షికలు. ఇళ్లలో మళ్లీ అవే మాటలు. పిల్లాడి గదిలో గోడకున్న బొమ్మ తీసేయాలా ఉంచాలా అని తండ్రులకి మళ్లీ అదే సంకటం. 2017లో టెడెస్కో బొమ్మ తీసేసిన గోడే అది.

ఒక్క తేడా మాత్రం ఉంది. ఈసారి కుర్రాడు వెళ్లాక జట్టు కుప్పకూలలేదు. ఆ సీజన్లో తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి పదిహేడు జట్లలో పదమూడో స్థానంలో నిలిచారు. పదమూడుకే సంబరమా అని పక్క జట్లవాళ్లు నవ్వుకుని ఉంటారు. నవ్వనీ. ఆ ఏడాది చెక్క గరిటె న్యూకాజిల్ వాళ్లింటికి వెళ్లింది.