క్రొత్త రూపపు దేవాలయములు

ఎత్తైన శిఖరము లేనిది దేవాలయ మెట్లగునని కొందఱు ప్రశ్నించుచుందురు. ఈ ప్రశ్న విచారింపఁదగినది.

ఫ్రాన్సు దేశమందు రోంషాం అను కొండమీఁది మరియమాత మందిరము 1944వ సంవత్సరపు యుద్ధములో శిథిలమయ్యెను. దాని స్థానమున లె కార్బూజియే అను శిల్పి కాంక్రీటుతో రచించిన క్రొత్త మందిరము 1955లో ప్రతిష్ఠింపఁబడెను. దాని గోడలు వంపులు తిరిగినవి. కప్పు పీత డిప్పను బోలియుండును. అందుచే ననేకులు దానిని నిందించిరి.

అయినను పరికింపుఁడు. కూలిన గుడి రాళ్లే క్రొత్త గోడలలో నిమిడియున్నవి. గోడకును కప్పునకును నడుమ సన్నని సందు విడువఁబడుటచే నంతటి బరువైన కప్పు వెలుగుపైఁ దేలుచున్నట్లు తోఁచును. యాత్రికులు విస్తారముగా వచ్చు దినములకై వెలుపల నొక బలిపీఠము గలదు. ఇది భక్తికి లోపమని మే మనఁజాలము.

నేఁడు ప్రాచీనమని మన మాదరించు గాతిక్ పద్ధతియు, పారిసు చెంత సెన్ డెనీ దేవాలయపు తూర్పుభాగము 1144లో ప్రతిష్ఠితమైనప్పుడు క్రొత్తదే గదా! అట్లని వింతకొఱకే వింత చేయుటను మేము మెచ్చము. ప్రార్థనకుఁ దోడ్పడు క్రొత్తదనము గ్రాహ్యము. చూపరులను మాత్రమే పిలుచునది త్యాజ్యము.

కావున విద్యార్థులారా, క్రొత్త గుడి యెదురైనచో వెలుపల నిలిచి తీర్పు చెప్పకుఁడు. లోపల కొంతసేపు మౌనముగా మోకరించి, పిమ్మటఁ జెప్పుఁడు.