ఎమ్మెల్యే పనికీ సామాజిక తనిఖీ కావాలి

ఉపాధి హామీలో తట్టెడు మట్టి ఎత్తిన కూలీ పనికి తనిఖీ ఉంది. మస్టరులో పేరు ఉందా, కొలత సరిపోయిందా, కూలి ఎంత పడింది అని ఊరందరి ముందు చదివి వినిపిస్తారు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఈ సామాజిక తనిఖీ నడుస్తోంది. మరి ఐదేళ్ల పాటు మన తరఫున చట్టాలు చేసే ఎమ్మెల్యే పనిని ఎవరు తనిఖీ చేస్తున్నారు? ఓటు వేసే రోజు మన చేతిలో ఏ లెక్క ఉంటోంది?

పెళ్లికి వచ్చి అక్షింతలు వేశారా, చావుకు వచ్చి పలకరించారా, ఆస్పత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు ఇప్పించారా అన్నదే చాలా ఊళ్లలో కొలత. కష్టంలో ఆదుకున్న మనిషిని తలుచుకోవడం తప్పు కాదు. కానీ మనం ఆయన్ను పంపింది శాసనసభకు. వ్యవసాయం, సాగునీరు, భూమి, మార్కెట్లు అన్నీ రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మన బతుకును మార్చే మాటలు అక్కడ, ఆ సభలో రాస్తారు.

కౌలు రైతు సంగతే చూడండి. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టంలో భూయజమాని సంతకం లేకున్నా, గ్రామంలో విచారించి కౌలుదారుకు కార్డు ఇచ్చే వీలుండేది. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం ఉంటేనే కార్డు అంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టదు. ఈ-క్రాప్‌లో యజమాని పేరే ఎక్కితే పంట నష్టపరిహారం ఆయన ఖాతాలో పడుతుంది, అప్పు మాత్రం సాగు చేసినవాడి నెత్తిన ఉంటుంది. ఒక్క సంతకం షరతు ఇంత పని చేసింది. ఆ బిల్లు సభకు వచ్చిన రోజు మన ఎమ్మెల్యే లేచి ఏం మాట్లాడారు? అసలు మాట్లాడారా? మనలో ఎంతమందికి తెలుసు?

ఇక సభ జరిగే రోజులు. 70 మందికి తక్కువ కాని సభ్యులున్న శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు కూర్చోవాలని జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లోనే చెప్పింది. మన సభలో 175 మంది ఉన్నారు. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో రాష్ట్రాల శాసనసభలు సగటున కూర్చున్నది 21 రోజులు. అనుమతి లేకుండా 60 రోజులు రాని సభ్యుడి సీటు ఖాళీ అయినట్లు సభ ప్రకటించవచ్చని 190వ అధికరణం అంటోంది. సభే ఇన్ని తక్కువ రోజులు నడిస్తే ఆ అరవై నిండేదెప్పుడు?

ముంబయిలో ప్రజా ఫౌండేషన్ అనే సంస్థ నగర ఎమ్మెల్యేల హాజరు, వేసిన ప్రశ్నలు, వాటి నాణ్యత, వారిపై కేసులు చూసి మార్కుల పట్టిక వేస్తూ వస్తోంది. నగరవాసులకు ఉన్న ఆ పట్టిక పల్లె రైతుకు ఎందుకు ఉండకూడదు? నియోజకవర్గానికి ఒక్క కాగితం చాలు. అందులో ఐదు విషయాలు ఉండాలి. ఒకటి, సభకు ఎన్ని రోజులు వచ్చారు. రెండు, సాగు మీద ఎన్ని ప్రశ్నలు వేశారు, జవాబు వచ్చాక దాని వెంట పడ్డారా. మూడు, రైతుకు సంబంధించిన బిల్లుల మీద ఏం మాట్లాడారు, ఏ సవరణ అడిగారు. నాలుగు, నీటిపారుదల సలహా మండలి సమావేశంలో మన కాలువ చివరి భూముల మాట ఎత్తారా, కోతల వేళ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వచ్చి చూశారా. ఐదు, ఎన్నికల అఫిడవిట్‌లో చూపిన ఆస్తులు, కేసులు, వ్యాపారాలు ఏమిటి. రైసు మిల్లో, ఎరువుల వ్యాపారమో ఉన్నవారు ధాన్యం ధర మీద ఎటు నిలబడ్డారో ఓటరుకు తెలియాలి.

అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. సంతకం చేసి వెళ్లిపోయినా హాజరే అవుతుంది. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబు చెబుతారు. కాబట్టి వారికి వేరే కొలత పెట్టాలి. ప్రతిపక్ష సభ్యుడికి మైకు ఇవ్వకపోతే ఆ సంగతీ రాయాలి. అచ్చు వేసే ముందు కాగితాన్ని ఎమ్మెల్యేకు పంపి, వారి సమాధానం ఏదైనా ఉంటే పక్కనే వేయాలి. అప్పుడే దాన్ని ఎవరూ కక్షతో రాసిందని తోసెయ్యలేరు.

ఇంకో మాట మనకు మనం చెప్పుకోవాలి. మనం బలపరిచిన అభ్యర్థికీ, మన కులంవారికీ, మన ధర్నా శిబిరానికి వచ్చి కూర్చున్నవారికీ ఇదే కొలత. మనవాళ్లకు పదికి పది వేసి ఎదుటివారికి సున్నా వేస్తే ఆ కాగితం ఎన్నికల కరపత్రం అవుతుంది. ఊళ్లో దాన్ని ఎవరూ లెక్క చేయరు. సంఘం మాటకు ఉన్న విలువ కూడా దాంతోపాటే పోతుంది.

పని కష్టమేమీ కాదు. సభా కార్యకలాపాల రికార్డు అందరూ చూసుకోవచ్చు. అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉంటాయి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల వల్ల అవి ఓటరు హక్కుగా మన చేతికి వచ్చాయి. దొరకని వివరాలకు సమాచార హక్కు చట్టం కింద అసెంబ్లీ సచివాలయానికి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మండలానికి ఇద్దరు చదువుకున్న కార్యకర్తలు కూర్చుంటే చాలు. వారిలో ఒకరు మహిళా రైతు, ఒకరు కౌలు రైతు అయితే ఇంకా మంచిది.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మొదలు పెడితే లాభం లేదు. అప్పటికి జెండాలు, డబ్బు, మందు ఊళ్లోకి వచ్చేసి ఉంటాయి. ఏటా బడ్జెట్ సమావేశాలు ముగిశాక ఈ పట్టిక సిద్ధం చేసి, గ్రామ శాఖ సమావేశంలో గట్టిగా చదవాలి, ఎమ్మెల్యేను కూడా ఆ సమావేశానికి పిలవాలి. వస్తే అడుగుదాం. రాకపోతే ఆ సంగతి కూడా పట్టికలో రాద్దాం. వరి కొనేటప్పుడు మన గింజ తేమ శాతం కొలుస్తున్నారు కదా. మన ఓటు తీసుకున్నవారి పని కొలిచే హక్కు మనకూ ఉంది.