చెంప మీద రెండు గాట్లు

నవ్వించే హీరోని ఉన్నట్టుండి హంతకుడిగా చూపిస్తే జనం ఒప్పుకుంటారా? మన సినీపెద్దల్ని అడిగితే ‘అమ్మో, ఇమేజి దెబ్బతింటుందండీ!’ అంటారు. జపానువాళ్లు మాత్రం 1999లోనే ఆ సాహసం చేసేశారు.

నొబుహిరో వాత్సుకి బొమ్మల కథ ఆధారంగా 1996లో టీవీలో మొదలైన ‘రురోని కెన్‌షిన్’ కుర్రకారుకి తెగ నచ్చేసింది. ఎర్రజుట్టు, ఎడమ చెంప మీద ఇంటూ గుర్తులాంటి గాటు, పదును తిరగేసి ఉన్న కత్తి. ఇక ఎవర్నీ చంపనని ఒట్టేసుకున్న దేశదిమ్మరి మన హీరో. మధ్యమధ్య బోలెడు హాస్యం!

మరి ఆ గాటు ఎలా పడింది? దానికి జవాబే ‘ట్రస్ట్ అండ్ బిట్రేయల్’. నాలుగు భాగాల వీడియో చిత్రం. దర్శకుడు కొత్తాయన కాదు, టీవీలో నవ్వించిన కజుహిరో ఫురుహాషీయే. ఇక్కడ మాత్రం నవ్వుల్ని గుమ్మం బయటే వదిలేశాడు.

1860ల నాటి క్యోటో. షోగున్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి చోషూ వర్గం చేస్తున్న పోరాటం. జనానికి మంచి రోజులు వస్తాయని నమ్మి అందులో చేరిన పద్నాలుగేళ్ల కుర్రాడు రాత్రిళ్లు మనుషుల్ని నరికే కత్తిగా మారిపోతాడు. ఒక రాత్రి అతని చేతికి చిక్కిన కియోసాతో పెళ్లి కావలసినవాడు. చావడం ఇష్టంలేక కడదాకా పెనుగులాడి, పోతూపోతూ మొదటి గాటు పెడతాడు. తర్వాత వర్షంలా కురిసిన నెత్తురు మధ్య కెన్‌షిన్‌కి తారసపడుతుంది తొమోయే. చనిపోయినవాడు పెళ్లాడవలసింది ఈమెనే!

ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఎలా బతికారు, రెండో గాటు ఎవరి చేతి గుర్తు? అది చెబితే మీరు నన్ను క్షమించరు. చూడండి.

ఇందులో ఫైటింగులకి ఈల వేసే వ్యవధి ఉండదు. ఒక్క వేటు, అంతే. నెత్తురు ధారాళంగా చూపించారు గానీ దానికి చప్పట్లు అడగలేదు. టకు ఇవాసాకి సంగీతం కూడా అవసరమైన చోట మౌనంగా ఉంటుంది. రాజకీయం తెలియనివారికి మొదటి భాగం కాస్త తికమకగా అనిపించవచ్చు. ఓపిక పట్టండి.

ఇదే కథని 2021లో నటీనటులతో ‘ది బిగినింగ్’గా కూడా తీశారు. బాగుంది. నా ఓటు మాత్రం బొమ్మలకే!

ఇది చూశాక పాత టీవీ భాగాలు మళ్లీ చూడండి. కెన్‌షిన్ నవ్వినప్పుడు మీకు మునుపటిలా నవ్వు రాదు. ఆ నవ్వు వెనక ఎవరున్నారో ఇప్పుడు మీకు తెలుసు కదా!